గుడ్డులో కిటికీ... కంట్లో జేబు!

కోడిగుడ్డు పెంకుకి చిన్న కిటికీ కోస్తారు. కుందేలు కంటిపొరలో జేబు చేస్తారు. పురిటిగదిలో పారేసే బొడ్డుతాడును అపురూపంగా అడిగి తెచ్చుకుంటారు. చేపపిల్ల ఒంట్లో పచ్చదీపాలు వెలిగిస్తారు. ఇన్ని తంటాలూ దేనికంటే... కొత్త రక్తనాళం ఎలా పుడుతుందో కళ్లారా చూడటానికి!

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగుతుంది. రక్తం కారి, గడ్డకట్టి, చెక్కు కడుతుంది. పది రోజులు తిరిగేసరికి చెక్కు ఊడిపోయి కింద కొత్త చర్మం కనిపిస్తుంది. మరి ఆ కొత్త చర్మానికి తిండీ, ప్రాణవాయువూ ఎవరు మోసుకొచ్చారు? చెట్టుకొమ్మకి పక్కచిగురు వేసినట్టు, పాత రక్తనాళాల పక్కనుంచి వెంట్రుక కంటే సన్నటి కొత్త నాళాలు మొలిచి అక్కడిదాకా పాకాయి. పనైపోగానే ఆగిపోయాయి. ఈ మొలకెత్తడాన్నే శాస్త్రవేత్తలు యాంజియోజెనెసిస్ అంటారు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల శరీరంలో ఇది పెద్దగా జరగదు. గాయం మానేటప్పుడు, ఆడవాళ్లలో నెలసరి చక్రంలో, కడుపులో బిడ్డకు మాయ తయారయ్యేటప్పుడు... దాదాపు అంతే. అక్కర్లేనిచోట మొదలైతేనే చిక్కు. మధుమేహం ముదిరినవారి రెటీనా మీద పెళుసు నాళాలు అల్లుకుని, చిట్లి, చూపును మసకబార్చేది అందుకే. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల చూపుకి ముప్పు వచ్చేదీ అందుకే. ఇక కేన్సర్ కణితి సంగతి సరేసరి. మన శరీరంలో చాలామటుకు కణాలు రక్తకేశనాళికకు 100 నుంచి 200 మైక్రాన్ల దూరంలో ఉంటేనే బతుకుతాయి. అంటే మిల్లీమీటరులో పదో వంతో, ఐదో వంతో! కాబట్టి కణితి ఆవగింజను మించి ఎదగాలంటే దానికి సొంతంగా రక్తం సరఫరా చేసే గొట్టాలు కావాల్సిందే. ఆ గొట్టాలు పుట్టకుండా ఆపగలిగితే?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎంతో మామూలుగా వినిపిస్తుంది కానీ, దీన్ని మొదట గట్టిగా అడిగిన మనిషిని లోకం చాలా ఏళ్లపాటు నమ్మలేదు. నమ్మించడానికి ఆయనకు వాదన చాలలేదు. చూపించాల్సి వచ్చింది. చూపించాలంటే అందుకు తగ్గ పద్ధతులు కావాలి. అవేమో అప్పటికి లేవు!

గాజుపాత్రలో థైరాయిడ్

జుడా ఫోక్‌మన్ 1933లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. తండ్రి యూదుల మతగురువు. కొడుకు సర్జన్ అయ్యాడు. 1960ల మొదట్లో నౌకాదళంలో పనిచేస్తున్నప్పుడు ఆయనకో పని అప్పగించారు. నెలల తరబడి సముద్రం మీదుండే ఓడల్లో రక్తాన్ని నిల్వ చేయడం కష్టం కాబట్టి, రక్తానికి బదులుగా వాడదగ్గ ద్రవం ఒకటి తయారుచేయాలి. ఫ్రెడరిక్ బెకర్ అనే సహచరుడితో కలిసి కుందేలు థైరాయిడ్ గ్రంథిని గాజుపాత్రలో ఉంచి, హీమోగ్లోబిన్ కలిపిన ద్రవాన్ని దాని నాళాల్లోకి పంపుతూ సజీవంగా నిలబెట్టారు. గ్రంథి నిజంగా బతికే ఉందా అన్నది పరీక్షించడానికి దానిమీద చిట్టెలుక కేన్సర్ కణాలు వేశారు. అవి పెరిగాయి. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు... అక్కడ ఆగిపోయాయి. చచ్చిపోయాయా అంటే అదీ కాదు. తీసి చిట్టెలుక ఒంట్లో పెడితే మళ్లీ విజృంభించాయి!

తేడా ఎక్కడుంది? ఎలుక ఒంట్లో కణితికి కొత్త రక్తనాళాలు మొలిచాయి. గాజుపాత్రలోని గ్రంథిలో మొలవలేదు. ఇంకొకరైతే ఈ సంగతిని నోటుపుస్తకంలో రాసుకుని అప్పగించిన పనిలో పడేవారేమో. ఫోక్‌మన్ జీవితమంతా దీని వెంటే పడ్డారు. 1971లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తన సిద్ధాంతం ప్రకటించారు. కణితి ఏదో రసాయనాన్ని వదిలి రక్తనాళాలను తనవైపు పిలుచుకుంటోంది, ఆ పిలుపును అడ్డుకుంటే కణితి ఆవగింజ దగ్గరే ఆగిపోతుంది అని.

చాలామంది పెదవి విరిచారు. కణితి చుట్టూ కనిపించే రక్తనాళాలు వాపు వల్ల ఉబ్బిన పాతవే తప్ప కొత్తవి కావన్నది వాళ్ల వాదన. సభల్లో ఆయన మాట్లాడటానికి లేస్తే కొందరు లేచి బయటికి వెళ్లిపోయేవారట. కోపంగా అన్నా వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. ఒంట్లో ఎక్కడ చూసినా రక్తనాళాలే. వాటిలో ఏది పాతది, ఏది కొత్తది అని ఎలా తేలుస్తారు?

అన్నట్టు, ఫోక్‌మన్ 34 ఏళ్లకే సర్జరీ విభాగాధిపతి అయిన బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ మనకు పరాయిదేం కాదు. 1947-48లో అక్కడే సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన చిన్నారులకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి, తాత్కాలికంగానే అయినా జబ్బును వెనక్కి నెట్టి చూపించారు. ఆ మందు తయారైంది లెడర్లీ ప్రయోగశాలలో. దానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు!

రక్తం లేని చోటు ఏది?

పాతవాటినీ కొత్తవాటినీ విడదీయలేనప్పుడు, అసలు పాతవే లేనిచోట వెతకాలి. శరీరంలో అలాంటి చోటు ఒకటుంది. కంటి నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే కార్నియా. రక్తనాళాలు లేవు కాబట్టే అది అంత స్వచ్ఛంగా ఉంటుంది. ఉంటే మనకు లోకం ఎర్రగీతల వెనక కనిపించేది.

ఫోక్‌మన్ బృందంలోని మైకేల్ గింబ్రోన్ 1970ల తొలి ఏళ్లలో ఆ పని చేశారు. మత్తిచ్చిన కుందేలు కార్నియాలో సన్నటి చాకుతో కోతపెట్టి, పొరల మధ్య చొక్కాజేబు లాంటి ఖాళీ చేశారు. అందులో చిన్న కణితి ముక్క పెట్టారు. కొన్నాళ్లకు కార్నియా అంచునుంచి ఎర్రటి నాళాలు బయల్దేరాయి. కట్టెదుట... అటూ ఇటూ చూడకుండా తిన్నగా కణితివైపు! ముందు అక్కడ ఒక్క నాళమూ లేదు కాబట్టి ఇవి కొత్తవి కావని అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. 1972లో ఇదే బృందం ఇంకో తమాషా చూపించింది. కంటి లోపలి ద్రవంలో తేలుతూ ఉన్న కణితి ముక్క వారాల తరబడి చుక్కలాగే ఉండిపోయింది. దాన్నే రక్తనాళాలున్న ఐరిస్ పొర దగ్గర పెడితే కొద్దిరోజుల్లో వేల రెట్లు పెరిగింది. ఒకే కన్ను, ఒకే కణితి. రక్తం అందడం, అందకపోవడమే తేడా.

అయితే కొత్త చిక్కొచ్చిపడింది. కణితి ముక్క బదులు, కణితిలోంచి తీసిన రసాయనాన్ని కార్నియా జేబులో పెట్టి పరీక్షించాలంటే అది గంటల్లో కరిగి కొట్టుకుపోతుంది. నాళాలు మొలవడానికి రోజులు పడుతుంది. ప్రొటీన్‌ను రోజుకింతని కొసరి కొసరి వదిలే బిళ్ల కావాలి. అప్పట్లో అది జరిగే పని కాదన్నారు పెద్దలు. ఆ పని నెత్తికెత్తుకున్న కుర్రాడు రాబర్ట్ లాంగర్. కెమికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ చేసి, చమురు కంపెనీల ఉద్యోగాలు కాదనుకుని, 1974లో ఈ ఆసుపత్రి ప్రయోగశాలలో చేరారు. బోస్టన్ కబేళా నుంచి ఆవుఎముకలు తెప్పించుకుని వాటి చివరలున్న మృదులాస్థిని గీకడం ఆయన దినచర్య. మృదులాస్థే ఎందుకంటే అందులోనూ రక్తనాళాలు ఉండవు. నాళాలను రానివ్వని పదార్థమేదో అందులో ఉండాలన్నది అనుమానం. 1976లో లాంగర్ రెండు సంగతులూ తేల్చారు. మృదులాస్థి సారం నాళాలను ఆపుతుందని ఒకటి, ప్లాస్టిక్ లాంటి పాలిమర్ బిళ్లతో ప్రొటీన్‌ను నెమ్మదిగా వదిలించవచ్చని రెండోది. కుందేలు కంటికోసం పుట్టిన ఆ రెండో సంగతి తర్వాత రోజుల్లో మందుల్ని ఒంట్లో నెమ్మదిగా విడుదల చేసే పెద్ద శాస్త్రానికి పునాదుల్లో ఒకటైంది. 2010లో మోడెర్నా సంస్థను స్థాపించినవారిలో లాంగర్ ఒకరు.

మొదటి సంగతికి మాత్రం అపశ్రుతి ఒకటి తోడైంది. సొరచేప అస్థిపంజరమంతా మృదులాస్థే. ‘ఇంకేం, సొరచేపలకు కేన్సరే రాదు’ అని ఎవరో ప్రచారం మొదలుపెట్టారు. 1990ల్లో సొరచేప మృదులాస్థి పొడి సీసాలు లక్షల్లో అమ్ముడుపోయాయి. సొరచేపలకూ కేన్సర్ వస్తుంది. ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల మీద శాస్త్రీయంగా జరిపిన పెద్ద పరీక్షలో ఆ సారం వల్ల ఆయుష్షు పెరగలేదని 2010లో ప్రచురించారు. కంట్లో పెట్టిన బిళ్ల వేరు, నోట్లో వేసుకునే పొడి వేరు!

పెంకు కింద పటం

కుందేళ్లు ఖరీదు. ఒక్కోదానికి ఆపరేషన్ చేయాలి. వందల రసాయనాలను పరీక్షించాలంటే ఎలా? సమాధానం ఏ కిరాణా కొట్లో చూసినా కనిపించేదే. కాకపోతే పొదిగితే పిల్లయ్యే గుడ్డు కావాలి.

హేచరీల్లో చీకటిగదిలో గుడ్డును దీపానికెదురుగా పట్టి చూసేవాళ్లకు లోపల ఎర్రటి గీతలు అల్లుకుని ఉండటం తెలుసు. పెంకు లోపలివైపు అతుక్కుని ఉండే పొర అది. పిండానికి ఊపిరితిత్తులు పనిచేయవు కాబట్టి, పెంకులోని సన్నటి రంధ్రాల గుండా వచ్చే గాలిలోంచి ఆక్సిజన్‌ను ఈ పొరలోని రక్తనాళాలే తీసుకుంటాయి. అమెరికాలో గుడ్‌పాశ్చర్ బృందం 1931లోనే ఈ పొర మీద వైరస్‌ను పెంచి చూపించింది. 1970ల్లో దీన్ని రక్తనాళాల పరీక్షకు పనిముట్టుగా మలిచారు.

పని ఇలా సాగుతుంది. గుడ్లను 37, 38 డిగ్రీల వేడిలో, తేమగా ఉండే ఇంక్యుబేటర్‌లో పెడతారు. మూడో రోజు సూదితో రెండు, మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తారు. దాంతో లోపలి పిండం కాస్త కిందికి దిగి పెంకుకు ఎడమవుతుంది. అప్పుడు పెంకును జాగ్రత్తగా చదరంగా కోసి కిటికీ తెరుస్తారు. తొంగిచూస్తే పచ్చసొన మీద గుండె టిక్కుటిక్కుమని కొట్టుకుంటూ కనిపిస్తుంది! కిటికీని పారదర్శకమైన టేపుతో మూసి, గుడ్డును మళ్లీ వెచ్చటి చోట పెడతారు. ఎనిమిదో రోజుకో, పదో రోజుకో పొర నిండా నాళాలు పరుచుకుంటాయి. ఆకుమీది ఈనెల్లా, నదుల పటంలా. దానిమీద పరీక్షించాల్సిన పదార్థాన్ని అద్దిన చిన్న కాగితం బిళ్లో, జెలటిన్ ముక్కో పెడతారు. మూడు రోజులు ఆగి చూస్తే చాలు. పదార్థం నాళాలను పిలిచేదైతే బండిచక్రం ఆకుల్లా అన్నివైపుల నుంచీ నాళాలు బిళ్ల దగ్గరకు చేరి ఉంటాయి. ఆపేదైతే బిళ్ల చుట్టూ బోసిగా, నాళాల్లేని తెల్లటి వలయం మిగులుతుంది. కోడిపిల్లకు రోగనిరోధకశక్తి అప్పటికింకా పూర్తిగా తయారై ఉండదు. అందుకే మనిషి కణితి ముక్క పెట్టినా పొర తిరగబడదు.

చదివితే సులువుగా ఉంది కదా. చేస్తే తెలుస్తుంది! కిటికీ కోసేటప్పుడు పెంకుపొడి రేణువు ఒకటి పొర మీద పడిందనుకోండి. ఆ గరుకుకే పొర వాచి నాళాలు అటు చేరతాయి. కొత్తగా చేరిన విద్యార్థి గొప్ప మందు కనిపెట్టానని సంబరపడితే, తీరా అది పెంకుపొడి ఘనత అని తేలుతుంది. నాళాలు ఒక్కోసారి పుట్టకుండా ఆగవు, ఉన్నవే ముడుచుకుపోయి తక్కువగా కనిపిస్తాయి. ఇక పొర దానంతటదే పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏవి సహజంగా వచ్చాయో, ఏవి బిళ్ల పిలిస్తే వచ్చాయో అన్న పాత పేచీ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఒక్కో పదార్థానికీ డజనుకు తక్కువ కాకుండా గుడ్లు వాడతారు. ఏ గుడ్డులో ఏం పెట్టారో లెక్కపెట్టేవాళ్లకు చెప్పరు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకు పిల్లల పేర్లు తెలియకుండా నంబర్లు వేసినట్టన్నమాట.

బొడ్డుతాడులో బంగారం

గుడ్డు, కన్ను... రెండిటిలోనూ నాళం మొత్తాన్నీ చూస్తాం. కానీ నాళం గోడలోని కణం ఒక్కోటీ ఏం చేస్తుందో తెలియాలంటే దాన్ని విడిగా పెంచాలి. రక్తనాళం లోపలిగోడకు ఒకే ఒక్క వరుసలో గచ్చులా పరుచుకుని ఉండే వీటిని ఎండోథీలియల్ కణాలంటారు. 1973లో న్యూయార్క్‌లో ఎరిక్ జాఫ్ బృందం వీటిని మనిషి నుంచే తీసి పాత్రలో పెంచే దారి చూపింది. ఎక్కడినుంచి తీశారంటే, కాన్పు అయ్యాక పారేసే బొడ్డుతాడు నుంచి! అందులో రెండు ధమనులూ, ఒక పెద్ద సిరా ఉంటాయి. సిరలోకి ఎంజైమ్ ద్రవం నింపి, రెండు చివరలూ బిగించి, కాసేపు ఆగి కడిగేస్తే గోడకంటుకున్న కణాలు ఊడివస్తాయి. ఎవరికీ నొప్పి లేదు, ఏ ప్రాణీ పోదు. తల్లి సరే అంటే చాలు. అర్ధశతాబ్దం దాటినా ప్రపంచమంతటా ఎక్కువ వాడే కణాలు ఇవే.

ఈ కణాలతో చేసే పరీక్షలు బోలెడు. పళ్లెంలో పరుచుకున్న కణాల మధ్య సన్నగా గీత గీసి, ఆ ఖాళీని ఎంతసేపట్లో పూడ్చుకుంటాయో చూడటం ఒకటి. సన్నటి రంధ్రాలున్న జల్లెడపొరకు ఒకవైపు కణాలు, మరోవైపు ‘ఎర’ పెట్టి ఎన్ని దూరి వస్తాయో లెక్కపెట్టడం ఇంకోటి. వీటన్నిటిలోకీ చూడముచ్చటైనది గొట్టాల పరీక్ష. 1980లో ఫోక్‌మన్, హౌడెన్‌షీల్డ్ కలిసి ఎండోథీలియల్ కణాలను వారాల తరబడి పాత్రలో పెంచితే అవి వాటంతటవే బోలు గొట్టాలుగా అల్లుకున్నాయి. గుండె లేదు, రక్తం లేదు, ఒళ్లే లేదు. అయినా నాళం కట్టడం వాటికి తెలుసు!

ఆ తర్వాత హిండా క్లైన్‌మన్ బృందం ఈ పనిని వారాల నుంచి గంటల్లోకి తెచ్చింది. చిట్టెలుక కణితి ఒకదాన్నుంచి తీసిన మాట్రిజెల్ అనే జిగురు దానికి సాయం. ఫ్రిజ్‌లో నీళ్లలా ఉంటుంది, ఒంటివేడి తగిలితే జున్నులా గట్టిపడుతుంది. దానిమీద కణాలు చల్లి రాత్రి పడుకుంటే తెల్లారేసరికి సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. ఫొటో తీస్తే పత్రిక ముఖచిత్రానికి పనికొస్తుంది. కానీ అందమైన బొమ్మను ఊరికే నమ్మకూడదు. రక్తనాళాలతో సంబంధం లేని కణాలు కొన్ని కూడా ఆ జిగురు మీద అలాగే అల్లుకుంటాయని తర్వాత తేలింది. మధ్యేమార్గంగా 1990లో రాబర్టో నికోసియా ఎలుక బృహద్ధమనిని మిల్లీమీటరు మందాన ఉంగరాల్లా కోసి జెల్‌లో పెంచడం మొదలుపెట్టారు. ఉంగరం చుట్టూ వారంలో నాళాలు సూర్యకిరణాల్లా మొలుస్తాయి. ఒక్క ఎలుకతో డజన్లకొద్దీ ఉంగరాలు.

పాడైన పాత్ర... పాత పాపం మందు

ప్రయోగశాలలో పాత్రకు బూజు పడితే చేసే పని ఒకటే. చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కుని, ఎవరు సరిగా మూతపెట్టలేదో తేల్చడం. ఫోక్‌మన్ దగ్గర పనిచేస్తున్న డొనాల్డ్ ఇంగ్‌బర్ అలా పడేయబోయి ఆగారు. బూజు దగ్గరున్న ఎండోథీలియల్ కణాలు చావలేదు కానీ, పాకడం మానేసి గుండ్రంగా ముడుచుకున్నాయి. ఆ బూజు వదిలే ఫ్యుమాజిలిన్ అనే పదార్థమే కారణమని 1990లో ప్రకటించారు. దాన్నుంచి జపాన్ కంపెనీ ఓ మందు తయారుచేసింది. అది గుడ్డులో నెగ్గింది, ఎలుకలో నెగ్గింది. మనుషుల్లో నరాల మీద దుష్ప్రభావాలు చూపి అక్కడే ఆగిపోయింది.

థాలిడోమైడ్ కథ అంతకంటే వింత. గర్భిణుల వాంతులకని వాడి, వేలమంది బిడ్డలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టడంతో 1961లో అమ్మకాలు ఆగిపోయిన మందు అది. ఫోక్‌మన్ ప్రయోగశాలలోని రాబర్ట్ డి'అమాటోకు ఓ ఆలోచన వచ్చింది. పిండం చేతులు ఎదగకపోవడానికి కారణం, అక్కడ కొత్త రక్తనాళాలు మొలవకపోవడమేమో? 1994లో కుందేలుకు ఆ మందు నోటిద్వారా ఇచ్చి, కార్నియాలో జేబు పరీక్ష చేశారు. నాళాలు ఆగిపోయాయి! మరి ఎలుక ధమని ఉంగరాల మీద నేరుగా వేస్తే? ఏమీ కాలేదు. ఎలుక కాలేయపు సారంతో కలిపి వేసినా కాలేదు. కుందేలు కాలేయమో, మనిషి కాలేయమో కలిపితేనే పనిచేసిందని 1998లో మరో పరిశోధన చెప్పింది. కాలేయం మార్చాకే అది మందవుతుంది, ఎలుక కాలేయానికి ఆ విద్య రాదు. ఒక్క ఎలుకనే నమ్ముకుని ఉంటే దీన్ని ఎప్పుడో పక్కన పడేసేవారు.

అదే సమయంలో మల్టిపుల్ మైలోమా అనే మజ్జ కేన్సర్‌తో బాధపడుతున్న ఓ యువ డాక్టర్ భార్య, అన్ని దారులూ మూసుకుపోయాక ఫోక్‌మన్‌ను సంప్రదించారు. థాలిడోమైడ్ ప్రయత్నించి చూడమన్నారాయన. ఆర్కన్సా రాష్ట్రంలోని వైద్యులు ఒప్పుకున్నారు. ఆమె భర్త దక్కలేదు. అదే మందు ఇచ్చిన మరో రోగి మాత్రం కోలుకోవడంతో పరీక్షలు కొనసాగాయి. 2006లో అమెరికా ప్రభుత్వం మైలోమాకు థాలిడోమైడ్‌ను అనుమతించింది. ఆ కుటుంబానికి చెందిన కొత్తతరం మందులు ఇప్పుడు మైలోమా చికిత్సలో మామూలే.

‘మీరు ఎలుకైతే...’

1998 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ మొదటిపేజీ వార్త ప్రపంచాన్ని ఊపేసింది. ఫోక్‌మన్ బృందం కనిపెట్టిన యాంజియోస్టాటిన్, ఎండోస్టాటిన్‌లు చిట్టెలుకల్లో కణితుల్ని కరిగించేస్తున్నాయని! తెల్లారేసరికి ఆ మందుల కంపెనీ వాటా ధర ఎక్కడికో వెళ్లింది. ఆసుపత్రి ఫోన్లు ఆగకుండా మోగాయి. అటువైపు ఉన్నవాళ్లంతా రోగులూ, వాళ్ల పిల్లలూ. ఫోక్‌మన్ మాత్రం ఒకటే చెప్పేవారు. మీకు కేన్సర్ ఉండి, మీరు గనక ఎలుకైతే, మేం మిమ్మల్ని బాగా చూసుకోగలం అని. ఆయన మాటే నిజమైంది. మనుషుల్లో ఎండోస్టాటిన్ ఆశించినంత పనిచేయలేదు. అమెరికాలో పరీక్షలు ఆపేశారు. దాన్ని కాస్త మార్చి చేసిన మందును చైనా మాత్రం 2005లో అనుమతించింది.

గెలుపు ఇంకోవైపు నుంచి వచ్చింది. నాళాలను పిలిచే అసలు ప్రొటీన్‌ను 1989లో జెనెన్‌టెక్ కంపెనీ శాస్త్రవేత్త నెపోలియన్ ఫెరారా వేరుచేశారు. పేరు వీఈజీఎఫ్. దాన్ని పట్టి బంధించే యాంటీబాడీని 1993లో పరీక్షిస్తే విచిత్రం జరిగింది. పాత్రలో పెరుగుతున్న కేన్సర్ కణాల మీద వేస్తే వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. అదే కణాలు చిట్టెలుక ఒంట్లో కణితిగా ఉన్నప్పుడు ఇస్తే పెరుగుదల మందగించింది. దెబ్బ కణితికి కాదు, దాని గొట్టాలకు తగిలిందన్నమాట! 2004లో బెవాసిజుమాబ్ పేరుతో పెద్దపేగు కేన్సర్‌కు ఆ యాంటీబాడీ మందుగా వచ్చింది. పరీక్షలో కీమోథెరపీ ఒక్కటే తీసుకున్నవారు సగటున 15.6 నెలలు బతికితే, దీన్ని కలిపి తీసుకున్నవారు 20.3 నెలలు బతికారు. ఐదు నెలలకు కాస్త తక్కువ. అద్భుతమని ఎవరూ అనలేరు. కానీ ఆ ఐదు నెలల్లో ఓ కూతురి పెళ్లో, మనవడి పుట్టుకో పడిన ఇంటివాళ్లను అడిగితే వేరే లెక్క చెబుతారు. రొమ్ము కేన్సర్‌కు ఇచ్చిన అనుమతిని మాత్రం, ఆయుష్షు పెంచలేదన్న కారణంగా 2011లో అమెరికా వెనక్కి తీసుకుంది.

ఆ మందు కేన్సర్ వార్డుల్లో కన్నా కంటి ఆసుపత్రుల్లో ఎక్కువ మెరిసింది. వయసు మీదపడ్డాక రెటీనా మధ్యభాగాన్ని పాడుచేసే జబ్బులోనూ, మధుమేహం వల్ల చూపు మసకబారినప్పుడూ వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందును కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. మన ఊళ్లలో ‘కంట్లో సూది వేయించుకున్నా’ అని తాతయ్యలు చెప్పేది దీని గురించే. కుందేలు కంట్లో మొదలైన ప్రయోగం మనిషి కంటికే ఎక్కువ మేలు చేయడం యాదృచ్ఛికమేమీ కాదు. కన్ను చిన్న గది, మందు చుక్క చాలు, ఫలితం ఎదురుగా కనిపిస్తుంది.

పచ్చదీపాల చేప

పసిపిల్లల రెటీనా జబ్బును పరీక్షించడానికీ చిట్టెలుకలే ఆధారమయ్యాయి. 1994లో లోయిస్ స్మిత్ బృందం రూపొందించిన పద్ధతిలో, ఏడు రోజుల ఎలుకపిల్లల్ని 75 శాతం ఆక్సిజన్‌లో ఐదు రోజులుంచి, తర్వాత మామూలు గాలిలోకి తెస్తారు. ఎక్కువ ఆక్సిజన్‌కు అలవాటుపడి పెరగడం మానేసిన నాళాలు, ఒక్కసారిగా కొరత రాగానే అడ్డదిడ్డంగా మొలుస్తాయి. ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ పెట్టిన బిడ్డల కంట్లో జరిగేదీ ఇలాంటిదే. అందుకే నెలలు నిండకుండా, రెండు కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు నెలరోజుల్లోపు రెటీనా పరీక్ష చేయించాలని మనదేశంలో వైద్యులు పట్టుబడతారు. బిడ్డ చూస్తున్నట్టే ఉంటుంది, బయటికి ఏ తేడా కనిపించదు. ఆ నాలుగు వారాలు దాటితే ఆలస్యమైపోవచ్చు.

ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో ముద్దుబిడ్డ జీబ్రాచేప. గంగ, దాని ఉపనదుల చేపల గురించి రాస్తూ 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించిన, వేలెడంత కూడా లేని మన చారలచేపే. దీని పిండం గాజులా పారదర్శకం. 2002లో లాసన్, వైన్‌స్టైన్ అనే ఇద్దరు, రక్తనాళాల్లో పచ్చగా వెలిగే జెల్లీఫిష్ ప్రొటీన్ తయారయ్యేలా దీని జన్యువుల్ని మార్చారు. మైక్రోస్కోప్ కింద పెడితే బతికున్న చేపపిల్లలో నాళం ఒక్కో అడుగూ వేస్తూ వెళ్లడాన్ని సినిమాలా చూడొచ్చు. రెండు, మూడు రోజుల్లో ఫలితం తెలుస్తుంది. ఆ దశలో చర్మంగుండానే ఆక్సిజన్ అందుతుంది కాబట్టి, రక్తప్రసరణ ఆగిపోయినా పిల్ల కొన్నాళ్లు బతుకుతుంది. ఏం తప్పు జరిగిందో తీరిగ్గా చూడొచ్చు.

ఫోక్‌మన్ ఇవన్నీ చూశారు, కొంతవరకు. 2008 జనవరిలో ఓ సదస్సుకు వెళుతూ డెన్వర్ విమానాశ్రయంలో గుండెపోటుతో కన్నుమూశారు. బూజుపట్టిన పాత్రను పడేయని ఇంగ్‌బర్, 2010లో మనిషి కణాలతో పెన్‌డ్రైవ్ అంత పారదర్శకపు ముక్కలో ఊపిరితిత్తిని అనుకరించి చూపించారు. అలాంటి చిప్‌లలోనే సన్నటి కాలువలు చేసి, ద్రవం పారిస్తూ, రక్తనాళాలు మొలిపిస్తున్నారు. మందుకు అనుమతి కావాలంటే జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో చట్టం నుంచి తొలగించింది. చిప్ కొత్తదే. కానీ దాని కాలువల గోడలకు పరిచే కణాలు... ఇప్పటికీ చాలాచోట్ల, ఏదో పురిటిగదిలో ఓ తల్లి సరేనని ఇచ్చిన బొడ్డుతాడు నుంచి వచ్చినవే.